చిన్న ఊళ్ళో కబడ్డీ, తిరనాళ్ళు, ఇంటి ఫోటోలు: 70-200 కొనకపోతే పని జరగదా?

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. డిగ్రీ రెండో ఏడు. నరసరావుపేట దగ్గర ఊరు. సెకండ్‌హ్యాండ్‌లో కెనాన్ 200డి, దాంతోపాటు కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్సు, 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు దొరికాయి. సంక్రాంతికి కబడ్డీ, బండలాగుడు పోటీలు, శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్ళు, మిగతా రోజుల్లో ఇళ్ళకి వెళ్ళి పెద్దవాళ్ళ ఫోటోలు తియ్యాలని ఉంది. అప్పు చేసైనా దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపించే 70-200 ఎఫ్/2.8 లెన్సు కొనమంటావా, ఫ్లాష్ ఏది తీసుకోను, దీంట్లో నాలుగు డబ్బులు వస్తాయా అని అడిగావు.

70-200 ఇప్పుడు కొనొద్దు. పెద్ద స్టేడియాల్లో ఫోటోగ్రాఫర్లని బోర్డుల వెనక కూర్చోబెడతారు కాబట్టి వాళ్ళకి పొడుగు లెన్సు తప్పదు. మన ఊళ్ళో కమిటీ వాళ్ళు నిన్ను గీత పక్కనే కూర్చోనిస్తారు. ఆటగాళ్ళలో సగం మంది నీకు తెలిసినవాళ్ళే అయి ఉంటారు. ఆ వెసులుబాటు వాడుకుంటే నీ 50 ఎంఎం చాలా దూరం లాక్కొస్తుంది. ఎక్కడ కూర్చోవాలి, తీసిన ఫోటో ఎవరి చేతికి చేరాలి అనే రెండూ తేల్చుకున్నాక లెన్సు సంగతి చూద్దువుగాని.

ముందు కబడ్డీ. మగవాళ్ళ కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10. కెమెరా పట్టుకున్న ప్రతివాడూ సెంటర్ లైన్ దగ్గర పక్కన చేరతాడు. అక్కడి నుంచి ఆట బాగానే కనిపిస్తుంది గానీ ఫోటోల్లో అందరి చెవులే పడతాయి. నువ్వు ఒక చివరి గీత మూలకి పోయి నేల మీద కూర్చో. అవుటైనవాళ్ళు కూర్చునే సిట్టింగ్ బ్లాక్‌కి, లైన్ చూసే అంపైరుకి అడ్డం రాకుండా చూసుకో. ఇప్పుడు అవతలి జట్టు రైడర్ కూత పెట్టుకుంటూ వస్తే మొహం నీవైపే ఉంటుంది. ఇవతలి జట్టు వాడు కూతకి వెళ్ళినప్పుడు నీకు వీపు కనిపిస్తుంది, దాన్ని వదిలెయ్యి. వాడు పాయింటు తీసుకుని తిరిగి గీత అందుకోవడానికి చెయ్యి చాచి దూకేది మళ్ళీ నీవైపే, వెనక ఇద్దరు ముగ్గురు కాళ్ళు పట్టుకుని లాగుతుండగా. జట్లు మార్చి మార్చి కూతకి వెళ్తాయి కాబట్టి ఆ ఒక్క మూల నుంచే రెండు రకాల ఫోటోలూ వస్తాయి, లేచి పరిగెత్తే పనే లేదు.

దూరం లెక్క కూడా చూడు. చివరి గీత నుంచి సెంటర్ లైన్ 6.5 మీటర్లు. నీ 200డి సెన్సర్ మీద 50 ఎంఎం లెన్సుకి ఆ దూరంలో అడ్డంగా సుమారు 3 మీటర్లు పడుతుంది. గీత మీదకి దూకేవాడు, వాడిని పట్టినవాళ్ళు సరిగ్గా ఆ వెడల్పులో సరిపోతారు. అదే చోట 70-200 పెట్టుకుంటే సగం సార్లు కాళ్ళో తలలో తెగిపోతాయి.

సెట్టింగులు: మాన్యువల్‌లో షట్టర్ వేగం 1/640 సెకను, లెన్సు తెరుపు ఎఫ్/2.2, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందించే స్థాయి) ఆటో, దాని గరిష్ఠం 6400. ఫోకస్ ఏఐ సర్వోలో (కదిలే మనిషిని వెంటాడే మోడ్), మధ్య పాయింటు మీద. నీ కెమెరా వ్యూఫైండర్‌లో 9 ఫోకస్ పాయింట్లున్నా మధ్యదే క్రాస్ టైపు, అంటే నిలువు, అడ్డం గీతలు రెండిటినీ పట్టేది. లైటు తక్కువైనప్పుడు మిగతా ఎనిమిదీ తడబడతాయి. సెకనుకి 5 ఫ్రేములు వస్తాయి, కుదించని రా (RAW) ఫైళ్ళుగా తీస్తే కొన్నింటికే కెమెరా లోపలి తాత్కాలిక మెమరీ (బఫర్) నిండి కెమెరా బిగుసుకుపోతుంది. ఆటలకి జేపెగ్ చాలు. బటన్ నొక్కి పట్టుకోకుండా రెండేసి మూడేసి ఫ్రేములు కొట్టు. ఒక కూతకి 30 సెకన్లు. మొదటి సగం చాలాసార్లు అటూ ఇటూ ఆడటంతోనే పోతుంది. మూలనున్న డిఫెండర్ మోకాళ్ళు వంచి చేతులు ముందుకు తెచ్చాడంటే పట్టు పడబోతోందని అర్థం, అప్పుడు వేలు సిద్ధంగా పెట్టుకో. విజిల్ పడ్డాక కెమెరా దించొద్దు. తొడ కొట్టుకోవడం, అంపైరుతో వాదన, బెంచి మీద కోచ్ తల పట్టుకోవడం అన్నీ ఆ తర్వాతి ఐదు సెకన్లలోనే. రేపు వాట్సాప్ స్టేటస్‌లో ఎక్కువగా తిరిగేవి కూడా అవే.

రాత్రి మ్యాచుల్లో ఒక తిప్పలుంది. ఎల్ఈడీ ఫ్లడ్‌లైట్లు మన కంటికి నిలకడగా ఉన్నట్టే అనిపిస్తాయి, కెమెరాకి అలా కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవకరకం లైట్లు సెకనుకి వందసార్లు మినుకుతాయి. 1/640లో ఒక ఫ్రేము వెలుగ్గా, పక్కది పసుపుగా, ఇంకోటి నల్ల చారలతో వస్తుంది. కెమెరా పాడైందని భయపడకు. మెనూలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చెయ్యి. లేకపోతే ఆట నడిచేటప్పుడు నాలుగు ఫ్రేములు ఎక్కువ తీసి బాగున్నది ఉంచుకో. టాస్, టైమ్ అవుట్, బహుమతులు ఇచ్చేటప్పుడు మాత్రం 1/100కి దిగిపో, అక్కడ చారలు రావు. ఫ్లాష్ జోలికి పోకు. కూత మధ్యలో రైడర్ కళ్ళలో ఫ్లాష్ పడితే నిన్ను ఆ మూల నుంచి లేపేస్తారు, లేపడం న్యాయం కూడా.

వాలీబాల్‌కి పెద్దగా చెప్పేదేం లేదు. నెట్ ఎత్తు మగవాళ్ళకి 2.43 మీటర్లు. స్మాష్ కొట్టేవాడి మొహం, బంతి, చెయ్యి ఒకే ఫ్రేములో రావాలంటే అవతలి కోర్టు వెనక నేల మీద కూర్చుని పైకి చూడాలి. టెన్నిస్ బాల్ క్రికెట్‌కి మాత్రం 50 ఎంఎం చాలదు. 55-250 ఎస్‌టీఎం అనే జూమ్ లెన్సు సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కో. పగటి పూట ఎండలో అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, చేతికి బరువు కూడా ఉండదు. నువ్వు కొనాల్సిన మొదటి లెన్సు అదే. రాత్రి పనులు పెరిగితే రెండోది 85 ఎఫ్/1.8. ఎవరైనా డబ్బులిచ్చి పెద్ద టోర్నమెంటు అప్పగిస్తే ఆ రెండు రోజులకీ 70-200 అద్దెకి తెచ్చుకో. విజయవాడలో, హైదరాబాద్‌లో రోజు లెక్కన ఇస్తారు.

బండలాగుడు పోటీలు వేరే ప్రపంచం, దీనికి నీ ఊరు నీకు పెట్టుబడి. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, సేద్యపు విభాగం, సీనియర్లు అని ఎద్దుల జతల్ని (పళ్ళంటే వయసు లెక్క) వేరు చేస్తారు. ఇచ్చిన టైములో బండని ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. ఏ విభాగం ఎప్పుడో మైకులో చెప్తుంటారు, విని కాగితం మీద రాసుకో. మధ్యాహ్నం నడినెత్తి ఎండలో ఒంగోలు జాతి తెల్లటి ఎద్దుని తీస్తే ఒళ్ళంతా సున్నం కొట్టినట్టు వచ్చి కండ కనిపించదు. వీలైతే ఉదయం ఎనిమిదిన్నర లోపు, మళ్ళీ నాలుగు దాటాక తియ్యి. వెనక స్క్రీన్ మీద తెల్లభాగం మినుకుతున్నట్టు చూపించే హైలైట్ అలర్ట్‌ని చూసుకుంటూ ఉండు, మినుకుతుంటే ఎక్స్‌పోజర్ తగ్గించు.

నిలబడే చోటు దడి బయటే. ట్రాకు చివర ఎదురుగా మాత్రం ఎప్పుడూ ఉండకు. జత అదుపు తప్పితే తప్పుకోవడానికి నీకు ఒక్క సెకను కూడా దొరకదు, పైగా కన్ను వ్యూఫైండర్‌లో ఉంటుంది. ముందు వైపు ఏటవాలుగా, కొంచెం దూరంలో మోకాలి మీద కూర్చో. కిందనుంచి తీస్తే మూపురం జనం తలల మీదుగా ఆకాశంలోకి లేస్తుంది. సాయంత్రం ఎండ వెనకనుంచి పడుతుంటే గిట్టల దగ్గర లేచే దుమ్ము బంగారంలా వస్తుంది. షట్టర్ 1/800 ఉంచు. ఒకటి రెండు జతలకి 1/60లో పక్కనుంచి ప్యానింగ్ (జతతోపాటే కెమెరా తిప్పుతూ తియ్యడం) కూడా ప్రయత్నించు, చాలావరకు చెడిపోతాయి, ఒకటి దక్కినా పండగే.

అయితే ఎద్దుల ఆసామికి కావలసిన ఫోటో వేరు. ఆయనకి దుమ్ము అక్కర్లేదు. రెండు ఎద్దుల తలలూ విడివిడిగా కనపడాలి, మూపురాలు కనపడాలి, కాళ్ళన్నీ నేల మీద ఎలా ఉన్నాయో తెలియాలి, తోలేవాడు అడ్డం రాకూడదు. ఇది పోటీలో దొరకదు. బరిలోకి దిగే ముందు, కొమ్ములకి రంగులేసి పట్టెడలు కట్టి నిలబెట్టినప్పుడు అడిగి తీసుకోవాలి. పక్కన ఆసామిని, ఆయన మనవడిని నిలబెట్టు. ఈ ఒక్క ఫోటోని 12×18 లామినేషన్ చేయించి తీసుకెళ్తే డబ్బులడగాల్సిన పని ఉండదు, ఆయనే పక్క ఊరి ఆసామికి నీ నంబరిస్తాడు. చెర్నాకోల ఎద్దు ఒంటి మీద పడుతున్న ఫ్రేములు ఎక్కడా పెట్టకు. అలాగే సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర కెమెరా సంచిలోంచి బయటికే తియ్యకు. అది చట్టప్రకారం నేరం. ఫోటోలో ఉన్నవాడికీ తీసినవాడికీ తలనొప్పి.

కోటప్పకొండ దగ్గరికి వద్దాం. శివరాత్రి రాత్రి కొండ కింద ఆ జనంలో అందరూ తీసే ఫోటో ఒకటే, ప్రభ (వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించి ఊళ్ళనుంచి తెచ్చేది) మీద బల్బులు, చుట్టూ చీకటి. అలా కాకూడదంటే ఆకాశంలో నీలం మిగిలి ఉండగానే తియ్యాలి. ఆ రోజుల్లో పొద్దు సుమారు ఆరుంబావుకి గూకుతుంది. తర్వాత పావుగంట నుంచి అరగంట దాకా బల్బుల వెలుగు, ఆకాశం సమానంగా ఉంటాయి. కిట్ లెన్సు 18 దగ్గర పెట్టి, కెమెరా నిలువుగా తిప్పి, 1/30, ఐఎస్ఓ 800 చుట్టుపక్కల మొదలుపెట్టు. దగ్గర నిలబడి కెమెరా పైకెత్తితే ప్రభ వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది, వెనక్కి జరుగు. నన్నడిగితే మాత్రం కొండ దగ్గరకంటే ఊళ్ళోనే అసలు ఫోటోలున్నాయి. పురుషోత్తమపట్నం, కావూరు లాంటి ఊళ్ళలో ప్రభ కట్టేటప్పుడు వెదురు ఎక్కి కూర్చున్న కుర్రాళ్ళు, నిలబెట్టేటప్పుడు మోకులు పట్టి లాగే జనం, బయల్దేరేముందు కొబ్బరికాయలు కొట్టే ఆడవాళ్ళు. పగటి వెలుగు, తోపులాట లేదు, ఆగమంటే ఆగే మనుషులు. మీ ఊరు కూడా ప్రభ కడుతుంటే మొదటి వాసం పాతిన రోజునుంచీ వెళ్తుండు.

ఇక ఇళ్ళల్లో పెద్దవాళ్ళ ఫోటోలు. నా లెక్కలో చిన్న ఊరి ఫోటోగ్రాఫర్ చెయ్యగలిగిన పనుల్లో అన్నిటికంటే విలువైనది ఇదే. ఎందుకో నీకూ తెలుసు. ఇంట్లో పెద్దాయన పోతే ఫ్లెక్సీకి, గోడ మీద పటానికి ఫోటో కోసం అప్పటికప్పుడు వెతుకులాట మొదలవుతుంది. ఎవరిదో పెళ్ళి గ్రూపు ఫోటోలోంచి తల కత్తిరించి, పక్కవాళ్ళ భుజం చెరిపేసి, కోటు అతికించి ఇస్తారు. ఆ మనిషి బతుకులో ఎన్నడూ కోటు వేసుకుని ఉండడు. ఈ మాట ఇంట్లో పైకి అనలేం కాబట్టి అసలు ఎత్తకు. "తాతా, పంచె కట్టుకుని అరుగు మీద కూర్చో, ఒక మంచి ఫోటో తీస్తాను" అను, చాలు.

వెలుగు సంగతి. వసారా అంచు, పైన కప్పు, ఎదురుగా ఎండ పడ్డ వీధి ఉంటే అంతకంటే మంచి స్టూడియో లేదు. మనిషిని గుమ్మానికి అడుగు బయటగా కూర్చోబెట్టు, వెనక ఇంటి లోపలి చీకటి పడుతుంది. ఒక వైపు మొహం మరీ నల్లబడితే థర్మకోల్ షీటు పట్టించు, ఫ్యాన్సీ షాపులో దొరికేదే. 50 ఎంఎం ఎఫ్/2.8కి పెట్టు. 1.8కి తీస్తే ఒక కన్ను ఫోకస్‌లో, రెండోది బయట ఉంటుంది. తెల్ల పంచె, తెల్ల చొక్కా చూసి కెమెరా మోసపోయి మొహాన్ని నల్లగా చేస్తుంది. మీటరింగ్ (కెమెరా వెలుగు కొలిచే పద్ధతి) స్పాట్‌లో పెట్టి మొహం మీద కొలుచుకో.

పెద్దవాళ్ళు కెమెరా చూడగానే బిగుసుకుని చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుంటారు. నవ్వించాలని కంగారుపడకు. వాళ్ళ దృష్టిలో ఫోటో అంటే అదే, ఆ ఫోటో ముందు మర్యాదగా తీసెయ్యి. అది అయిపోయిందని చెప్పి కెమెరా ఒళ్ళో పెట్టుకుని పంట సంగతో, నడుంనొప్పి సంగతో అడుగు. మాటల్లో పడ్డాక తీసిన రెండు మూడు ఫ్రేముల్లో అసలు మనిషి ఉంటాడు. రెండూ ప్రింటు వేసి ఇవ్వు. పటం కట్టించేది మొదటిది, కూతురు తనతో హైదరాబాద్ తీసుకెళ్ళేది రెండోది. ఒక ఫ్రేము మాత్రం తల చుట్టూ, భుజాల పక్కన బాగా ఖాళీ వదిలి తియ్యి. మొహం తెల్లగా చెయ్యమని ఇంట్లోవాళ్ళు అడుగుతారు. నేను వెలుతురు పెంచుతాను, రంగు మార్చను. మార్చిన ఫోటో చూసి ఆ ముసలామె "ఇదెవరు?" అంటే ఏం చెప్తావు?

ఆడవాళ్ళ ఫోటోల విషయంలో ఇంటి పెద్దావిడ ఒప్పుకుంటే సగం పని అయినట్టే. 1892లోనే ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో ఆడవాళ్ళకి విడిగా జనానా స్టూడియో పెట్టి, లోపల ఫోటోలు తీసే పని ఒక మహిళకే అప్పజెప్పాడు. మీ చెల్లికి ఆసక్తి ఉంటే కెమెరా నేర్పు, ఓణీల ఫంక్షన్లకి నీకంటే తననే పిలుస్తారు. ఆడపిల్లల కబడ్డీ, ఖోఖో తీసినప్పుడు ఫ్రేములు ఏరడంలో చాలా జాగ్రత్త. దుస్తులు చెదిరినవి, వెనకనుంచి వచ్చినవి అక్కడికక్కడే డిలీట్ చెయ్యి. మిగతావి స్కూలు పీఈటీ సార్‌కో మేడమ్‌కో పంపు, ఇన్‌స్టాలో పెట్టకు. పేర్లు, ట్యాగులు అసలొద్దు.

ఫోటో ఎలా ఇవ్వాలన్నది చాలామంది పట్టించుకోరు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు నలిగిపోతుంది. దాన్నే ఫ్లెక్సీ షాపు వాడు పది అడుగులకి సాగదీస్తాడు, మసక ఫోటో కింద నీ పేరుంటుంది. డాక్యుమెంట్‌గా పంపు. ఫ్లెక్సీకి అని ముందే తెలిస్తే వెనక ఖాళీ గోడ ఉండేలా, చేతులు, మోచేతులు తెగకుండా తియ్యి, కటౌట్ చేసేవాడు నీకు దణ్ణం పెడతాడు. స్థానిక విలేకరికి సాయంత్రం లోపు రెండే రెండు ఫోటోలు, ఎడమ నుంచి కుడికి పేర్లతో పంపు. పేర్లు సరిగ్గా ఇస్తే మళ్ళీ నీకే ఫోన్ వస్తుంది. ఆటగాళ్ళకి తలా ఒక ఫోటో ఊరికే ఇవ్వు. నాయకుల పుట్టినరోజు ఫంక్షన్లకి మాత్రం ఊరికే వెళ్ళకు, ఒకసారి వెళ్తే ఇక ఎప్పుడూ ఊరికే పిలుస్తారు.

డబ్బుల సంగతి దాపరికం లేకుండా చెప్తాను. ఆటల మీద బతకలేం. అవి నిన్ను ఊరికి పరిచయం చేస్తాయి, ఆ పరిచయంతో వచ్చే ఫంక్షన్లు, ఇంటి ఫోటోలు, ప్రింట్లు తిండి పెడతాయి. టోర్నమెంటు కమిటీ దగ్గర సగం అడ్వాన్సు మొదటి మ్యాచు ముందే తీసుకో. ఫైనల్ అయిన మర్నాడు కమిటీలో ఎవరి ఫోనూ ఎత్తదు, అందరూ మంచివాళ్ళే అయినా సరే. 200డికి కార్డు ఒక్కటే పడుతుంది కాబట్టి ఆ రాత్రే రెండు చోట్ల కాపీ చేసుకో. ఫోల్డరు పేరు ఊరు, ఇంటిపేరు, సంవత్సరం అని పెట్టు. ఐదేళ్ళ తర్వాత ఎవరో ఏడుస్తూ ఫోన్ చేస్తే నిమిషంలో తీసివ్వగలగాలి.

ఇంకొకటి, స్టూడియోల వాళ్ళకే చాలామందికి తెలియనిది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బులిచ్చి అడిగి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు వాళ్ళే. నువ్వు కాదు. కాబట్టి కస్టమర్ ఫోటో నీ పేజీలో పెట్టుకోవాలంటే బిల్లు మీద ఒక లైను రాయించి సంతకం పెట్టించుకో. నీ అంతట నువ్వు వెళ్ళి తీసిన తిరనాళ్ళ ఫోటోలకి ఈ గొడవ లేదు.

ఫ్లాష్ గురించి. నీది 200డి కాబట్టి ఇబ్బంది లేదు, తక్కువ ధర మాన్యువల్ ఫ్లాష్, దాన్ని దూరంనుంచి పేల్చే ట్రిగ్గరు ఏవైనా నడుస్తాయి. 200డి మార్క్ 2, 1500డి బాడీల్లో హాట్ షూ (ఫ్లాష్ తగిలించే చోటు) మధ్య పిన్ను తీసేశారు, వాటి మీద వేరే కంపెనీల మామూలు ట్రిగ్గర్లు పేలవు. రేపు బాడీ మార్చేటప్పుడు ఇది చూసుకో. ఇప్పటికి ఫ్లాష్ కంటే ముందు ఒక అదనపు బ్యాటరీ, ఒక అదనపు కార్డు, మట్టి కోర్టుల్లో కెమెరా మీద కప్పడానికి ఒక ప్లాస్టిక్ కవరు కొను. ఈసారి కబడ్డీకి ఆ మూలలో కూర్చుని తీసిన ఫోటోలు నాలుగు, సెట్టింగులతో సహా ఇక్కడే పెట్టు, చూసి చెప్తాను. చెడిపోయినవి కూడా ఒకటి రెండు కలుపు.